పెద్దచదువు తరువాత పట్టణాభివృద్ధి వృత్తి



మన జి. కొండూరు, మైలవరము, నూజివీడు ప్రాంతములలో ఈ నడుమ నొక క్రొత్త ప్రశ్న వినవచ్చుచున్నది. వెనుకటి దినములలో పిల్లవాడు బి.ఏ. ప్యాసయినచో ఉపాధ్యాయుడో, గుమాస్తాయో, వకీలో యగునని తండ్రికి తెలిసియుండెను. ఇంజనీరనినను, వైద్యుడనినను ఎవరికిని విడమరచి చెప్పనక్కరలేదు. ఇప్పుడొక పిల్ల అర్థశాస్త్రములో ఎం.ఏ. ముగించి, "నేను పట్టణముల ఆర్థికాభివృద్ధి పనిలో ప్రవేశించెద"నని చెప్పగా ఇంటిలోనివారు ఒకరి మొగము నొకరు చూచుకొనుచున్నారు. ఆ పని యెక్కడ నుండును? దానికి జీతమిచ్చువారెవరు? దానికై మామిడితోట తాకట్టు పెట్టవచ్చునా? ఈ మూడు ప్రశ్నలకును నాకు తెలిసినంతవరకు సమాధానము చెప్పుటకే ఈ ప్రసంగము.

ముందుగా పని యెట్టిదో తెలియవలయును. మన తోటలో కోసిన బంగినపల్లి కాయ ఢిల్లీలోని ఆజాద్‌పూరు మార్కెట్టునకు చేరువరకు ఎన్ని చేతులు మారునో మీకు నాకంటె బాగుగ తెలియును. పూతనాడే తోటను గుత్తకు పట్టువాడు, కోతకూలీలు, నున్న మార్కెట్టులోని కమీషను వ్యాపారి, కాయను ఏరి వేరుపరచు స్త్రీలు, పెట్టెలు కట్టువారు, లారీ యజమాని, డ్రైవరు, తుదకు తోపుడుబండివాడు - ఇందరికిని ఆ కాయయే అన్నము పెట్టుచున్నది. చెట్టుక్రింది ధరకును బండిమీది ధరకును గల అంతరమంతయు మోసమే యని కొందరందురు. మోసము లేకపోలేదు, టన్నునకు ఇంతయని 'తరుగు' పేర తీయు కాయలను గూర్చి మీకు నేను చెప్పవలసిన పనిలేదు. కాని తక్కిన అంతరము నీడకు, నీటికి, బాటకు, తూకమునకు, నమ్మకమునకు చెల్లుచున్న మూల్యము. మార్కెట్టులో షెడ్డు చాలనిచో కాయ యెండకు వాడును. మురుగుకాలువ లేనిచో మొదటి వానకే లారీ దిగబడును. కాయలను మాగబెట్టుటకు తగిన గదులు లేనిచో వర్తకుడు కార్బైడు పొట్లములను ఆశ్రయించును. కార్బైడుతో మాగబెట్టుటను 2011 నాటి ఆహారభద్రతా నియమములు నిషేధించినవి. 2016లో ఇథిలీను వాయువును పరిమితికి లోబడి వాడుకొనుటకు అనుమతి లభించినది. అయినను ఇథిలీను గది యూరక మొలవదు. దానికి స్థలము కావలయును, విద్యుత్తు కావలయును, బ్యాంకు అప్పు కావలయును, నడుపుట నేర్చిన మనిషి కావలయును. ఇట్టివానిని ఒక పట్టణమునకు సమకూర్చుట, సమకూర్చుటకు ముందు ఎవరికి లాభమో ఎవరికి నష్టమో లెక్కగట్టుట, ఆ లెక్కను పాలకులకును వర్తకులకును చూపి పని చేయించుట - ఇదియే పట్టణార్థికాభివృద్ధి యను వృత్తి.

పేరు క్రొత్తదే గాని శాస్త్రము మనకు క్రొత్త కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రమున నగరమునకు 'నాగరకు'డను అధికారి చెప్పబడినాడు. అతని క్రింద గోపుడనువాడు పది, యిరువది, లేదా నలువది కుటుంబముల చొప్పున లెక్క వ్రాసి, ఎవరెవరు ఏ వృత్తి చేయుచున్నారో, వారి ఆదాయమెంతయో వ్యయమెంతయో తెలిసియుండవలయును. వీథిలో మట్టి పోసినవానికి పణములో ఎనిమిదవ వంతును, బురదనీరు నిలుచునట్లు అడ్డగించినవానికి పణములో నాలుగవ వంతును జరిమానా విధింపబడినది. మట్టికంటె నీటి అడ్డగింపునకు శిక్ష రెట్టింపు! ఈ భేదమును గుర్తుంచుకొనుడు. దీనితో మనకు పని యున్నది. ఇంతటి గ్రంథము శతాబ్దములపాటు కంటబడక, మైసూరులో శామశాస్త్రిగారి చేతికి తాళపత్రప్రతి చిక్కిన పిదప 1909లో అచ్చుపడినది. చిత్రమేమనగా, ఇంగ్లండులోని లివర్‌పూలు విశ్వవిద్యాలయమున నగరనిర్మాణ విద్యకు ప్రత్యేకశాఖ నేర్పరచినది కూడ ఆ 1909వ సంవత్సరమే. ప్రపంచమున నట్టి శాఖ అదే మొదటిది.

ఇక మన బెజవాడను చూడుడు. 1855 నాటికి కృష్ణ ఆనకట్ట పూర్తియైనది. 1888లో పురపాలకసంఘ మేర్పడినది. 1893లో కృష్ణపై రైలువంతెన పడినది. ఆనకట్ట ధాన్యము నిచ్చినది. వంతెన ఆ ధాన్యమునకు మద్రాసు దారి చూపినది. 1901లో ఆ యూరి జనసంఖ్య ఇరువదినాలుగు వేలు. 2011 నాటికి పదిలక్షలు దాటినది. నూటపదేండ్లలో నలువది రెట్లకు మించిన పెరుగుదల! ఈ పెరుగుదలకు ముందుగా పటము గీచినవా రెవరును లేరు. నీరును రైలును కలిసినచోట జనము చేరిరి. చేరినవారు దొరికినచోట ఇల్లు కట్టుకొనిరి. పటము తరువాత వచ్చినది. పటమునకు లెక్క ఇంకను తరువాత వచ్చినది.

ఆ ఆలస్యమునకు మూల్యమేమో మన మండలమువారు కన్నులార చూచిరి. బుడమేరు మనయెదుట ప్రవహించు వాగు. మైలవరము వైపు కొండల నీటిని చేర్చుకొని కొల్లేటికి పోవును. వెలగలేరునొద్ద రెగ్యులేటరు కట్టి, వరదనీటిని మళ్లింపుకాలువద్వారా ఇబ్రహీంపట్టణము ప్రక్కన కృష్ణలోనికి పంపు ఏర్పాటు చేసియున్నారు. 2024 ఆగష్టు 31వ తేదీని, సెప్టెంబరు 1వ తేదీని కురిసిన వానకు ఆ ఏర్పాటు తాళలేదు. అదే సమయమున కృష్ణలో ప్రకాశము బ్యారేజీవద్ద పదకొండు లక్షల క్యూసెక్కులకు పైగా నీరు పోవుచుండెను. నిండిన నదిలోనికి కాలువనీరు దిగునా? కవులూరు దిక్కున గట్టు మూడుచోట్ల తెగినది. ఆ నీరు విజయవాడలోని సింగునగరు, పాయకాపురము, రాజరాజేశ్వరీపేట మొదలగు వాడలను దినములకొలది ముంచినది. సైన్యమువారు గూడ వచ్చి, ఇనుపవలలో రాళ్లు నింపి గండ్లు పూడ్చిరి.

గట్టు తెగుట ఇంజనీర్ల విషయము గదా, దీనిలో ఆర్థికమేమి యని మీరడుగవచ్చును. నీరు మునిగిన వాడలలో నివసించువారిలో అధికులు ఆటోడ్రైవర్లు, తాపీపనివారు, చిల్లరకొట్లవారు, ఇండ్లలో పనిచేయు స్త్రీలు. వారు వాగు ప్రక్క పల్లపు నేలలో ఏల చేరిరి? పని యున్నచోటికి దగ్గరలో మెరకనేల వారికి అందని ధర పలికినది గనుక. వాగుపాయను ఇరుకు చేసి స్థలములు వేసినవారును, వానిని కొన్నవారును, పన్ను కట్టించుకొన్నవారును అందరును తమతమ లెక్కలు చూచుకొనిరి. ఊరంతటి లెక్క చూచువాడు లేడాయెను. కూలివాడు పనికి నడచిపోగలిగినంత దూరములో, నీరు నిలువని నేలలో ఇల్లు దొరకునట్లు చేయుట ఇంజనీరొక్కని వలన కాదు. నేలధర తెలిసినవాడు, బస్సుదారి తెలిసినవాడు, పన్నుల చిట్టా తెలిసినవాడు అతనితో కూర్చుండవలయును. కౌటిల్యుడు నీటి అడ్డగింపునకు రెట్టింపు జరిమానా విధించుటలో నెంత యనుభవమున్నదో ఇప్పుడు మీకు తోచియుండును. 1908 సెప్టెంబరు 28న హైదరాబాదులో మూసీ పొంగినప్పుడు కూడ ఇట్లే యైనది. పిదప విశ్వేశ్వరయ్యగారిని రప్పించి సలహా గొనిరి. 1912లో నగరాభివృద్ధి మండలి నేర్పరచిరి. ఉస్మానుసాగరు, హిమాయతుసాగరు చెరువులు ఆ వరదకు ఫలితములు. మునిగిన తరువాత తెలివి వచ్చుట నగరములకు పాతయలవాటే.

ఇప్పుడు చదువు సంగతి. ఈ విద్య నేర్చుటకు దూరదేశము పోనక్కరలేదు. విజయవాడలోనే ఐ.టి.ఐ. రోడ్డున 2008లో నెలకొన్న ప్రణాళికా వాస్తువిద్యాలయము, అనగా స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్, ఉన్నది. 2014లో పార్లమెంటు చట్టముచే దానికి జాతీయ ప్రాముఖ్యము గల సంస్థ యను హోదా లభించినది. అచ్చట ఇంటరు తరువాత నాలుగేండ్ల బి.ప్లాన్, పట్టము తరువాత రెండేండ్ల ఎం.ప్లాన్ కలవు. ఎం.ప్లాన్ అనగా ఇంజనీర్లకే యని భ్రమపడకుడు. అర్థశాస్త్రము, భూగోళము, సమాజశాస్త్రము ఎం.ఏ. చదివినవారిని గూడ పలు సంస్థలు ఇందులో చేర్చుకొనుచున్నవి. అహమ్మదాబాదులోని సెప్ట్, బొంబాయిలోని టాటా సామాజికశాస్త్ర సంస్థ కూడ ఈ విద్యకు పేరుపడినవి. అయితే కేవలము పట్టముతో పని జరుగదు. పటము చదువుట, లెక్కల పట్టికలు కట్టుట, పురపాలక చట్టము తెలియుట - ఈ మూడును చేతిలో నుండవలయును. నాలుగవది మంచి తెలుగు. నవ్వకుడు. పేటలోని ముసలమ్మ చెప్పిన మాట అర్థము చేసికొని, దానిని కమీషనరునకు అర్థమగునట్లు వ్రాయలేనివాడు ఈ పనికి కొరగాడు. నలువదేండ్లకు సమీపముగ తెలుగు చెప్పినవాడను గనుక ఈ మాటలో పక్షపాతము గలదని మీరనుకొన్నను నాకు అభ్యంతరము లేదు.

జీతమిచ్చువారెవరు? 74వ రాజ్యాంగ సవరణ 1993 జూను 1 నుండి అమలులోనికి వచ్చినది. దానితో చేరిన పండ్రెండవ షెడ్యూలు పురపాలకసంఘములకు పదునెనిమిది విధుల నెన్నినది. అందు మొదటిది పట్టణప్రణాళిక; మూడవది ఆర్థిక సామాజికాభివృద్ధికి ప్రణాళిక. కాగితముమీద పురపాలకసంఘమే ఈ వృత్తికి పుట్టినిల్లు. ఆచరణలో చిన్న పట్టణములకు వీథిదీపములు వెలిగించి చెత్త యెత్తించుటకే రాబడి చాలదు. అందువలన ఈ పనివారు పట్టణ గ్రామ ప్రణాళికాశాఖలోను, రాజధాని ప్రాంతాభివృద్ధి సంస్థయైన సి.ఆర్.డి.ఎ.లోను, పట్టణ పేదరిక నిర్మూలనకై 2007లో ఏర్పడిన మెప్మాలోను, సలహాలిచ్చు ప్రైవేటు సంస్థలలోను, స్వచ్ఛంద సంస్థలలోను కనబడుచుందురు. పబ్లిక్ సర్వీసు కమీషనువారు ప్రణాళికాశాఖ యుద్యోగములకు పరీక్ష పెట్టుచుందురు గాని ఖాళీలు ప్రతియేటను రావు. ఢిల్లీలో 1976 నుండి జాతీయ పట్టణ వ్యవహారముల సంస్థయు, హైదరాబాదులో 1956 నుండి అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కళాశాలయు పరిశోధకులను తీసికొనుచున్నవి. పట్టభద్రులు పురపాలకసంఘములలో కొంతకాలము పని నేర్చుకొనుటకు కేంద్రప్రభుత్వము 2020 జూనులో ట్యులిప్ అను పథకమును ప్రారంభించినది.

తల్లిదండ్రులు తప్పక తెలిసికొనవలసిన విషయ మొకటి కలదు. ఈ పనులలో ననేకము కాంట్రాక్టు పనులు. పథకము మూసిన దినమున పనియు మూయబడును. స్మార్టు నగరముల పథకము 2015లో మొదలై 2025 మార్చి 31న ముగిసినది. మన రాష్ట్రమున విశాఖపట్టణము, తిరుపతి, కాకినాడ, అమరావతి దానిలో నుండెను. అమరావతి కథ మీకు తెలిసినదే. 2015 అక్టోబరు 22న శంకుస్థాపన జరిగినది. 2020లో సి.ఆర్.డి.ఎ. చట్టమునే రద్దుచేసిరి, 2021 నవంబరులో ఆ రద్దును వెనుకకు తీసికొనిరి, 2022 మార్చిలో హైకోర్టు తీర్పు వచ్చినది, 2024లో ప్రభుత్వము మారిన పిదప పనులు తిరిగి యారంభమైనవి. 2015లో ఉత్సాహముతో చేరిన యువకుడు 2020లో ఏమైయుండునో యూహించుడు. ఒక పథకమునే నమ్ముకొన్నవాడు వీథిన పడును. ఏ యూరిలోనైనను పన్నులచిట్టా విప్పి చదువగలవాడు మరియొకచోట పని సంపాదించుకొనును.

అమరావతి ప్రస్తావన వచ్చినది గనుక ఒక లెక్క. భూసమీకరణమున రైతులిచ్చిన భూమికి, తిరిగి యిచ్చు స్థలములుగాక, ఎకరమునకు మెట్టకు 30,000 రూపాయలు, జరీబునకు 50,000 రూపాయలు వార్షికముగ పదియేండ్లపాటు ఏటేటా పెంచుచు ఇచ్చునట్లు నిర్ణయించిరి. భూమిలేని కుటుంబమునకు నెలకు 2,500 రూపాయల పింఛను అప్పుడు నిర్ణయించిరి. ఈ రెండు అంకెలను ప్రక్కప్రక్కన బెట్టి చూచుటయే ఈ వృత్తిలో మొదటి పాఠము. పొలము పోయిన రైతునకు స్థలము మిగిలినది. అదే పొలములో కలుపు తీసిన స్త్రీకి పని పోయినది. ఆమెకు నగరమున ఏ పని దొరకును, ఎప్పటినుండి, ఎంత కూలికి - ఈ ప్రశ్న వేయుటకు ఎవరో ఒకరు బల్లయొద్ద నుండవలయును. ప్రపంచబ్యాంకు 2024 డిసెంబరులో అమరావతికి ఎనుబది కోట్ల డాలర్ల ఋణము మంజూరు చేసినది. అంతటి ఋణముతో కట్టు నగరమున ఆ ప్రశ్న మరింత గట్టిగ వేయవలయును.

మా పాఠశాలలో చదివిన బాలిక యొకతె, మామిడిరైతు కుమార్తె, ఈ మార్గమున పోయినది. ఎం.ఏ., పిదప ఎం.ప్లాన్. తండ్రి తోట తాకట్టు పెట్టలేదు. రెండేండ్ల కాపును ముందుగ గుత్తకిచ్చి చదివించెను. అది తగిన హద్దని నాకు తోచినది: చదువునకు ఫలసాయము పోవచ్చును, చెట్టు పోరాదు. ఆమెకు మొదట దొరికినది ఒక చిన్న పట్టణమున పదకొండు నెలల కాంట్రాక్టు. బస్సుస్టాండు ముందర పండ్లు, పూలు, టిఫిను అమ్మువారిని వెనుకవీథిలో కట్టబోవు షెడ్డునకు పంపవలయునని అధికారుల యాలోచన. 2014 నాటి వీథివ్యాపారుల చట్టము ప్రకారము పట్టణ విక్రయసంఘములో నూటికి నలువదిమందికి తక్కువగాక వ్యాపారుల ప్రతినిధులే యుండవలయును. ఆమె ఆ చట్టము చేతబట్టుకొనుటకు ముందు, ఉదయము అయిదు గంటల నుండి రాత్రి పది వరకు వారముదినములు బస్సుస్టాండులో నిలిచి, ఏ గంటకు ఎందరు దిగిరో, అందెందరు బండ్లయొద్ద ఆగిరో, వెనుకవీథికి ఎందరు పోయిరో వ్రాసినది. బస్సు నాలుగు నిమిషములే ఆగును. దిగినవాడు వెనుకవీథికి పోడు. షెడ్డు కట్టినచో అందు కుక్కలు పడుకొనును గాని పండ్లు అమ్ముడుపోవని ఆ చిట్టా తేల్చినది. అధికారులు సగము వినిరి. టిఫినుబండ్లను ముందరనే యుంచి, తక్కిన వానిని ప్రక్కదారికి జరిపిరి. షెడ్డు సొమ్ముతో కుళాయిలు, దీపములు, మరుగుదొడ్డి పెట్టించిరి. పూలమ్మువారికి మాత్రము నష్టము కలిగినది. ఆ సంగతిని ఆమె నాతో దాచలేదు. ఆ కాంట్రాక్టు రెండుమారులు పొడిగింపబడి మూడవమారు ఆగినది. నాలుగు నెలలు ఇంటనుండి, ఆ వారముదినముల చిట్టానే చూపి మరియొక సంస్థలో చేరినది. పట్టమునకంటె ఆ చిట్టాకే యెక్కువ విలువ వచ్చినదని తండ్రి నాతో అనుచుండును.

పైదేశపు చదువును గూర్చి కొంచెము. అప్పు చేసి అమెరికా పంపుట మన వైపు పరిపాటియైనది. కంప్యూటరు విద్యకు ఆ లెక్క యెట్లున్నను ఈ విద్యకు వేరు. కంప్యూటరు ఎచ్చటనైనను ఒకటే. పురపాలక చట్టము, పన్ను, పేట, భాష ఊరూరికి మారును. అక్కడి నగరపాలకులు తమ యూరు తెలిసినవానినే కోరుదురు. పైగా 2025 సెప్టెంబరులో అమెరికా ప్రభుత్వము క్రొత్త హెచ్-1బి దరఖాస్తులకు లక్షడాలర్ల రుసుమును ప్రకటించినది. విద్యార్థివేతనము పూర్తిగ దొరికినచో పోవచ్చును. చూచి రావలసిన నగరములు లోకమున చాల కలవు. తోటమీద అప్పు తెచ్చి మాత్రము పంపకుడు.

కనుక మీ పిల్లవాడో పిల్లయో ఈ మాట యెత్తినప్పుడు, ఏ విశ్వవిద్యాలయమని గాక, ఏ యూరని యడుగుడు. నూజివీడో, తిరువూరో, కొండపల్లియో ఒక యూరు చెప్పుమనుడు. ఆ పురపాలకసంఘపు బడ్జెటు ప్రతిని తెచ్చి, ఆస్తిపన్ను వలన ఎంత వచ్చుచున్నదో, జీతములకెంత పోవుచున్నదో మీకు చదివి వినిపింపుమనుడు. కొండపల్లి యైనచో బొమ్మలు చేయువారి ఇండ్లకు పోయి, తెల్లపొణికి కఱ్ఱ ఎచ్చటినుండి వచ్చుచున్నదో, బొమ్మకు పనివానికి దక్కునదెంతో, వాని కొడుకు ఆ పని నేర్చుచున్నాడో లేదో అడిగి రమ్మనుడు. రెండు వారములలో చిట్టా తెచ్చినచో చదివింపుడు.

సెలవులలో వచ్చినప్పుడు ఒక యుదయమున వెలగలేరు రెగ్యులేటరునొద్దకు తోడుకొనిపొండు. అచ్చటినుండి కవులూరు గట్టువెంట నడిపింపుడు. మీ చిన్ననాట వాగు ఎంత వెడల్పున పాఱెడిదో, ఏ వానకు ఏ చేను మునిగెడిదో, ఏ చెట్టు మొదటివరకు నీరు వచ్చెడిదో చెప్పుచుండుడు. అతడు చెంతనుండి వ్రాసికొనవలయును. ఆ వివరములు ఇంతవరకు ఏ పటములోను ఎక్కలేదు.